పండుమిరపకి ఏ రంగు తొడిమ?

రెండు వారాలు ఈ పేజీలో నేను కనపడలేదు. ఎందుకో చెప్తా. బండికి రంగు వేయించుకుంటున్నా.

నవ్వకండి. ఒక్క రంగు ఎంచుకోవడానికి నాకు నెల పట్టింది. ఆ నెలలో ఉద్యోగం లేదు, వీసా గడియారం తిరుగుతోంది, చేతిలో డబ్బు లెక్కపెట్టి ఖర్చుపెట్టే పరిస్థితి. అలాంటప్పుడు రంగు గురించి ఆలోచించడం పిచ్చిగా అనిపిస్తుంది. కానీ అన్నీ చేయిదాటిపోయినప్పుడు, మన చేతిలో ఉన్న చిన్న విషయమే పెద్దదైపోతుంది కదా.

మొదట్నుంచి చెప్తా.

అమ్మాయికి ట్రక్కేంటి?

నేనుండేది అమెరికాలో, అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో. నా బండి 2015 టయోటా టకోమా. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. పికప్ ట్రక్కన్నమాట. ముందు కారులా ఉంటుంది, వెనకాల మన టాటా ఏస్‌కి ఉన్నట్టు తొట్టి. రంగు ఎరుపు. అలాంటిలాంటి ఎరుపు కాదు, ఎండ పడితే లోపల్నుంచి మెరుపు తేలే ముదురెరుపు.

"అమ్మాయివి, నీకు ట్రక్కేంటి?" అని అడిగిన ప్రతి ఆంటీకీ ఒకటే జవాబిచ్చా: "వెనకాల పడుకోవచ్చాంటీ." తర్వాత ఇంకో ప్రశ్న రాదు.

నిజంగానే పడుకోవాలనే కొన్నా. గ్రాండ్ కాన్యన్‌కి వెళ్లి, హోటల్ బుక్ చేసుకోకుండా, క్యాంప్‌గ్రౌండ్‌లో బండి ఆపుకుని, తొట్టిలో పరుపేసుకుని నిద్రపోవాలని. అలా పడుకోవాలంటే తొట్టికి పైకప్పు కావాలి. దాన్నే క్యాంపర్ షెల్ అంటారు. ఫైబర్‌గ్లాస్‌తో చేసిన పెద్ద మూత. పక్కలకి అద్దాల కిటికీలు, వెనకాల పైకి లేచే తలుపు. బిగిస్తే చిన్న గది.

కొత్తది కొనాలంటే గుండె ఆగుతుంది. అందుకే జనవరిలో పక్క ఊళ్లో ఒకాయన దగ్గర పాతది 450 డాలర్లకి కొన్నా. టకోమాకి తొట్టి 5 అడుగులదీ ఉంటుంది, 6 అడుగులదీ ఉంటుంది. ఒకదాని షెల్ ఇంకోదానికి కూర్చోదు. నేను టేపు పట్టుకెళ్లి నాలుగుసార్లు కొలిచా. అన్నీ సరిపోయాయి. ఒక్క రంగు తప్ప.

షెల్ ఆకుపచ్చ. ఎండకి వెలిసిపోయిన ముదురాకుపచ్చ.

బిగించి ఫొటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టా. నిమిషంలో అమ్మ మెసేజ్: "పండుమిరపకాయలా ఉందే!"

అంతే. ఎర్రటి ఒళ్లు, పచ్చటి తొడిమ. మా ఇంట్లో ఆ బండి పేరు పండుమిరప అయిపోయింది. నాక్కూడా నచ్చింది. వీలు చూసుకుని మంచి రంగు వేయిద్దాంలే అనుకున్నా.

60 రోజులు

ఫిబ్రవరి మొదటి వారంలో ఉద్యోగం పోయింది. పొద్దున తొమ్మిదింటికి మీటింగ్, తొమ్మిదింపావుకి లాప్‌టాప్ లాక్.

హెచ్1బి మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే, గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోపు ఇంకో కంపెనీ మన తరఫున పిటిషన్ వేయాలి, లేదా వేరే వీసా దారి చూసుకోవాలి. రెండూ కాకపోతే సామాను సర్దుకోవాలి. నేను ఫోన్‌లో లెక్కపెట్టే యాప్ పెట్టుకున్నా. అది రోజూ పొద్దున్నే "56", "55" అని చూపిస్తుంటే పళ్లు తోముకునేదాన్ని.

ఫ్రెండ్స్ అందరూ ఒకే మాట: "ముందు ట్రక్కు అమ్మెయ్." అమ్మకానికి పెట్టా. ఒకబ్బాయి వచ్చి చూశాడు. చుట్టూ తిరిగాడు, టైర్లు తన్నాడు, చివరికి అన్నాడు: "ఆ పచ్చ డబ్బా తీసేస్తే తీసుకుంటా. లేదంటే రంగు కలిపించి పెట్టండి, కాస్త ఎక్కువిస్తా."

అప్పుడు మొదలైంది రంగు గొడవ.

బాడీ షాపుకి వెళ్లా. టయోటా బండ్లకి డ్రైవర్ తలుపు తెరిస్తే, ఫ్రేము మీద స్టిక్కర్ ఉంటుంది. దాని మీద రంగు కోడ్. నాది 3ఆర్3, పేరు బార్సిలోనా రెడ్ మెటాలిక్. కోడ్ ఉంది కదా, అదే రంగు కలిపి కొట్టేస్తే అయిపోతుందనుకున్నా. షాపతను కాగితం మీద రాసిచ్చాడు: 1,200 డాలర్లు.

450కి కొన్న మూతకి 1,200 రంగు! ఆ డబ్బు నాకు ఆ నెల అద్దెలో ముప్పాతిక.

బాబాయ్ కోర్టు

మా బాబాయ్ విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లుగా లారీలకి రంగులేస్తున్నాడు. ఇంజనీరింగ్ చదివిన అన్నయ్యల్ని వదిలేసి ఆయనకే వీడియో కాల్ చేశా. వెనకాల కంప్రెసర్ మోత. చేతికి పసుపు రంగు. "ఆగమ్మా బుజ్జీ" అని పక్కకొచ్చాడు.

మొత్తం చెప్పా. ఆయన రేటు అడగలేదు. కోడ్ అడగలేదు.

"బండి ఎండలో ఉంటదా, నీడలోనా?"

"ఎండలోనే బాబాయ్. మా అపార్ట్‌మెంట్‌కి షెడ్డు లేదు."

"పదేళ్ల నుంచీనా?"

"ముందాయన దగ్గర కూడా బయటే ఉండేదంట."

"మరింకేం. కోడ్ అనేది బండి పుట్టినప్పటి రంగమ్మా. ఇప్పటి రంగు కాదు. ఆ కోడ్ పెట్టి కొడితే పాత చొక్కాకి కొత్త జేబు కుట్టినట్టుంటది."

నాకు వెంటనే ఎక్కలేదు. ఆయనే చెప్పాడు: "ఓ ముక్క మీద కొట్టించి పట్టుకెళ్లు. పొద్దున చూడు, మిట్టమధ్యాహ్నం చూడు, సాయంత్రం చూడు, రాత్రి పెట్రోలు బంకు లైటు కింద చూడు. నాలుగు చోట్లా కలిస్తేనే కలిసినట్టు."

షాపతన్ని బతిమాలి అట్టముక్క మీద ఆ ఎరుపు కొట్టించుకున్నా. పొద్దున బండి పక్కన పెడితే ఫరవాలేదు. మధ్యాహ్నం చూస్తే బండి వెలిసిపోయినట్టుంది, ముక్క కొత్త పెళ్లికూతురిలా ఉంది. సాయంత్రం పక్కకి జరిగి ఏటవాలుగా చూస్తే ముక్క నల్లగా, బండి ఎర్రగా. బంకు లైటు కింద రెండిటికీ చుట్టరికమే లేదు.

తర్వాత షాపతనే వివరించాడు. మెటాలిక్ రంగులో సన్నటి అల్యూమినియం రేకుపొడి ఉంటుంది. కొట్టేటప్పుడు గన్ను ఎంత దూరంలో ఉంది, గాలి ఒత్తిడి ఎంత, పూత ఎంత తడిగా పడింది అన్నదాన్నిబట్టి ఆ రేకులు పడుకునే తీరు మారుతుంది. దాంతో మెరుపు మారుతుంది. మామూలుగా డోర్‌కో బంపర్‌కో రంగేస్తే, పక్క భాగం మీదకి కూడా కొంచెం లాగి కలిపేస్తారు, తేడా కనపడకుండా. కానీ షెల్ విడిగా ఉండే వస్తువు. దాన్ని కలపాలంటే ట్రక్కుకీ రంగు వెయ్యాలి. అంటే 1,200 కాస్తా ఎక్కడికో పోతుంది.

బాబాయ్‌కి మళ్లీ ఫోన్ చేసి "నువ్వన్నదే నిజం" అన్నా. "కలవనప్పుడు కలిసినట్టు నటించకూడదమ్మా. కొంచెం తేడా ఉంటే తప్పులా కనపడతది. బాగా తేడా ఉంటే కావాలని చేసినట్టుంటది" అన్నాడు.

ఎరుపు కొట్టేశాం. మరి ఏ రంగు?

నలుపా, తెలుపా

ఫ్రెండ్స్ ఓటు నలుపుకి. ట్రక్కు తొట్టి లోపల పూసే గరుకు రబ్బరులాంటి కోటింగ్ ఉంటుంది. అది షెల్ పైన కూడా కొట్టించుకోవచ్చు. గీతలు పడవు, ఫైబర్ మీద సొట్టలూ అతుకులూ దాచేస్తుంది, ఏ రంగు బండికైనా కుదురుతుంది. ఫొటోల్లో అదిరిపోతుంది కూడా. నేనూ సగం ఒప్పేసుకున్నా.

తర్వాత గుర్తొచ్చింది, నేనుండేది ఫీనిక్స్‌లో. 2023లో ఇక్కడ వరసగా 31 రోజులు ఎండ 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తగ్గలేదు. అంటే 43 సెల్సియస్‌కి పైమాటే. మన రెంటచింతల వాళ్లు కూడా ఒక్క క్షణం ఆగి ఆలోచించే ఎండ. ఆ ఎండలో నల్ల డబ్బా కింద పడుకుంటే నిద్ర కాదు, దమ్ బిర్యానీ.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ నేషనల్ ల్యాబొరేటరీ వాళ్లు 2011లో ఒక అధ్యయనం వెలువరించారు. ఒకే మోడల్ కార్లు రెండు, ఒకటి నలుపు, ఒకటి వెండిరంగు, ఎండలో నిలిపి చూశారు. వెండిరంగు కారు లోపల గాలి 5, 6 డిగ్రీల సెల్సియస్ తక్కువ వేడెక్కింది. కేవలం రంగు వల్ల! లేత రంగులు ఎండని తిప్పికొడతాయి, ముదురు రంగులు మింగుతాయి. మేడ మీద తెల్ల కూల్ పెయింట్ వేయించినవాళ్లకి ఈ సంగతి కొత్తేం కాదు.

తెలుపుకి ఇంకో మూడు లాభాలు కనపడ్డాయి. ఒకటి, మెరుపు లేని మామూలు తెలుపులో రేకుపొడి గోల ఉండదు. గీత పడితే చిన్న సీసాతో నేనే సరిదిద్దుకోవచ్చు. రెండు, దుమ్ము నలుపు మీద కనపడినంతగా కనపడదు. మూడోది అసలైంది: షెల్‌ని ట్రక్కుతో కలిపే అమ్మాలని రూల్ లేదు. విడిగా అమ్ముకోవచ్చు. రోడ్డు మీద ఎక్కువ కనపడే ట్రక్కులు తెల్లవే. తెల్ల షెల్‌కి ఎప్పుడైనా ఎవరో ఒకరు దొరుకుతారు.

ఆ మూడో లాభం డైరీలో రాసుకుంటూ ఆగిపోయా.

ఎనిమిదేళ్లుగా నేను కొన్నవన్నీ ఇలాగే కొన్నా. బూడిదరంగు సోఫా, ఎందుకంటే ఎవరైనా కొంటారు. తెల్ల కంచాలు, ఎందుకంటే ఎవరికైనా ఇచ్చేయొచ్చు. గోడకి మేకు కొట్టలేదు, డిపాజిట్ పోతుందని. ఎప్పుడు వెళ్లిపోవాల్సి వస్తుందో తెలియదు కాబట్టి, నా ఇంట్లో ప్రతి వస్తువునీ తర్వాత కొనబోయేవాడి కోసం ఎంచుకున్నా. వీసా మీద బతికే చాలామందికి ఇది అర్థమవుతుంది. మన ఇల్లే మనకి షోరూమ్‌లా ఉంటుంది.

ఎండ తగ్గాలి కాబట్టి తెలుపు, అది నా కోసం. ఎవడో కొంటాడు కాబట్టి తెలుపు, అది వాడి కోసం. రంగు ఒకటే. కానీ ఎవరి కోసం వేయిస్తున్నానో తేల్చుకోకుండా డబ్బు పెట్టాలనిపించలేదు.

ఆ రాత్రి ట్రక్కు అమ్మకం ప్రకటన తీసేశా. అప్పటికి యాప్‌లో 31.

సగం పని నాది

ఇంకో చిన్న షాపు దొరికింది. "రుద్దుడు పని నువ్వు చేసుకొస్తే, మామూలు తెలుపు కొట్టి 350కి ఇస్తా" అన్నాడాయన. రంగు పనిలో రంగు కన్నా ముందు చేసే తయారీకే ఎక్కువ చాకిరీ. బేరం కుదిరింది.

ఫ్రెండ్ గ్యారేజీలో నాలుగు రోజులు కూర్చున్నా. పొద్దున అప్లికేషన్లు, ఇంటర్వ్యూలు. మధ్యాహ్నం నుంచి రుద్దుడు. ముందు గిన్నెల సబ్బుతో కడిగి, తర్వాత మైనం, జిడ్డు తీసే ద్రావకంతో తుడిచా. జిడ్డు తీయకుండా రుద్దితే అది గీతల్లోకి ఇంకిపోతుందని బాబాయ్ మూడుసార్లు చెప్పాడు. కిటికీల చుట్టూ పాత సిలికాన్ ఉంది. అది ఆవగింజంత మిగిలినా రంగు అక్కడ పట్టదు, గుండ్రటి గుంటలు పడతాయి. దాన్ని గోకి గోకి తీసేసరికి గోళ్లు పోయాయి. తర్వాత 320 నంబర్ కాగితం, ఆ తర్వాత 400. నీళ్లు పోస్తూ రుద్దడమే. ఫైబర్‌గ్లాస్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు కాబట్టి మంచి మాస్క్.

ఒక ఇంటర్వ్యూలో మేనేజర్ అడిగాడు, "ఈమధ్య ఏం చేస్తున్నారు?" అని. "పాత ట్రక్కు టాప్‌కి రంగు తయారీ" అనేశా, నోరు జారి. ఆయన పది నిమిషాలు షెల్ గురించే అడిగాడు. ఆ ఉద్యోగం రాలేదు, అది వేరే సంగతి.

తెలుపు కొట్టి తెచ్చాక బండి మీద పెడితే ఏదో వెలితి. కింద ఎరుపు, పైన తెలుపు. ఎవరిదో టోపీ ఎత్తుకొచ్చి పెట్టుకున్నట్టుంది. బాబాయ్‌కి ఫొటో పంపా.

"రెండు రంగులకీ పరిచయం లేదమ్మా. మధ్యలో పెళ్లిళ్ల పేరయ్య ఉండాలి" అన్నాడు. తెలుపు మీద, కింది అంచుకి కాస్త పైన, చుట్టూ అర అంగుళం ఎర్రగీత లాగమన్నాడు. లారీ బాడీల మీద ఆయన ముప్ఫై ఏళ్లుగా చేసేది అదే. టేపు వేసి 3ఆర్3 స్ప్రే డబ్బాతో లాగా. అంత సన్నటి గీతలో కొత్త ఎరుపు, పాత ఎరుపు అన్న తేడా కంటికి దొరకదు. టేపు తీయగానే షెల్ బండితోనే పుట్టినట్టు కూర్చుంది. మొత్తం షెల్ నిండా కలపలేని రంగు, అర అంగుళంలో కలిసిపోయింది.

మీ బండికైతే

మీకు ట్రక్కు ఉండకపోవచ్చు. బైకో స్కూటీయో ఉంటుంది కదా. ట్యాంకుకో మడ్‌గార్డుకో రంగేయించే ముందు ఇవి గుర్తుపెట్టుకోండి:

• కంపెనీ కోడ్ మొదటి మెట్టు మాత్రమే. ముక్క మీద కొట్టించి, బండి పక్కన పెట్టి, పగలూ రాత్రీ చూడండి. షాపు లోపలి లైటుని నమ్మొద్దు.

• మెటాలిక్, పెర్ల్ రంగులు కలపడం కష్టం. ఒక్క భాగానికే వేయించాలంటే పక్క భాగం మీదకి కూడా లాగి కలపమని అడగండి.

• అచ్చం కలవదని తేలితే, పూర్తిగా వేరే రంగుకి వెళ్లండి. రెండిటినీ కలిపే ఒక గీతో స్టిక్కరో చాలు.

• హార్డెనర్ కలిపే రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తులకి చేటు. ఇంట్లో ప్రయోగాలు వద్దు. గుడ్డ మాస్కు దానికి అడ్డం కాదు.

• మన దగ్గర బండి రంగే మార్చేస్తే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి. చెకింగ్‌లో ఆగినప్పుడు గుర్తొస్తే లాభం లేదు.

తొడిమ

ఒక సంగతి దాచా. షెల్‌ని షాపుకి పంపే ముందు, వెనక తలుపు మూల చిన్న టేపుముక్క కత్తిరించి అంటించా. రెండంగుళాలుండదు. "దీన్ని పీకొద్దు" అని షాపాయనకి చెప్పా. ఆయన వింతగా చూశాడు.

తెలుపు ఆరాక ఆ టేపు తీశా. కింద పాత ఆకుపచ్చ అలాగే ఉంది, వంకర తిరిగిన తొడిమ ఆకారంలో. దాని కింద ఎర్రరంగు సీసా, సన్న బ్రష్షుతో ఒక పండుమిరపకాయ వేశా. బ్రష్షుతో వేస్తే మెటాలిక్ సరిగ్గా పరుచుకోదు. దగ్గరికెళ్తే గీతలు కనపడతాయి.

"దానివల్ల రీసేల్ పోతుంది" అన్నాడు మా ఫ్రెండ్.

"పోనీ" అన్నా. ఎనిమిదేళ్లలో ఆ మాట ఒక వస్తువు గురించి అనడం అదే మొదటిసారి.

యాప్‌లో 12 ఉన్నప్పుడు ఆఫర్ వచ్చింది. 5 ఉన్నప్పుడు పిటిషన్ వెళ్లింది. ఇక్కడ ఒక చిన్న మెలిక. ఉద్యోగం ఉన్న ఊరు మినియాపోలిస్. చలికాలం మంచులో మునిగిపోయే ఊరు. నెలరోజులు కూర్చుని ఫీనిక్స్ ఎండ కోసం ఎంచుకున్న తెలుపేసుకుని, నేను మంచుదేశం పోతున్నా. బాబాయ్ పగలబడి నవ్వాడు. "నల్లదేసుకోవాల్సింది" అన్నాడు.

సోఫా అమ్మేశా. కంచాలు ఇచ్చేశా. మినియాపోలిస్‌కి రెండున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు దారి. దారిలో మొదటి మజిలీ గ్రాండ్ కాన్యన్. ఈ కాలమ్ అక్కడి క్యాంప్‌గ్రౌండ్‌లోనే, తొట్టిలో పరుపు మీద పడుకుని ఫోన్‌లో టైప్ చేస్తున్నా. బయట చలి. కిటికీ అద్దం మీద నా ఊపిరి ఆవిరి.

పొద్దున్నే బండి ఫొటో ఇంటి గ్రూపులో పెట్టా, వెనకనుంచి. అమ్మ జూమ్ చేసి చూసినట్టుంది.

"తొడిమ ఉంచావా! మంచి పని చేశావ్. తొడిమ తీస్తే మిరపకాయ నిలవుండదు."